పాప సంచీ పట్టీ

ఏవండీ, కూర పొయ్యి మీదుంది, వేడి చేసుకుని తినండి. మిషన్ మీదున్న గుడ్డ కదపొద్దు. నేను కుట్టిన సంచులు కొట్టులో ఇచ్చి వస్తాను.

చవక సరుకు చూపించే ఆ యాప్ నిన్న మీ ఫోన్లో చూశాను. నేను అమ్మకానికి పెట్టిన బడి సంచీ కిందే "ఇలాంటిదే, ఇంకా చవక" అని వేరేది చూపించింది. పాపకి మీరు తెప్పించింది అదేగా! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? నా ధర మాత్రం పైసా తగ్గించను. మీ యాప్ ఏం చేసుకుంటుందో చేసుకోమనండి.

అన్నట్టు, మీ చవక సంచీ పట్టీ మూడో రోజుకే ఊడింది. పాప పుస్తకాలన్నీ రోడ్డు మీద పడ్డాయట. పొద్దున్నే కూర్చుని కుట్టేశాను. ఇక సంచీ మొత్తం చిరగాలే తప్ప ఆ పట్టీ ఊడదు.