నాయన నమిలిన సంగటి

మంగళవారం రాత్రి, కర్నూలు

నాయన పొద్దున తిన్న సంగటి సాయంత్రం దాకా కడుపులోనే ఉందట. స్కాన్ చూసి డాక్టరమ్మ చెప్పింది. కడుపు కండరాలు తిన్నదాన్ని నలగ్గొట్టి, కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి నెట్టాలి. ఏళ్ల తరబడి ఉన్న షుగర్ వల్ల ఆ కండరాలను నడిపే నరాలు మందగించాయి. ఇన్సులిన్ మాత్రం టైముకు పనిచేస్తుంది. తిన్నది ఇంకా కడుపులోనే ఉంటే షుగర్ పడిపోతుంది. మొన్న అంగట్లో నాయన కళ్లు తిరిగి పడింది అందుకే.

"కొంచెం కొంచెం తినండి, బాగా నమలండి" అందామె.

మా వంశ చరిత్రలో సంగటి ముద్దను పులుసులో ముంచి మింగడమే తప్ప నమిలిన పురుషుడు లేడు.

"సంగటి నమిల్తే ఊర్లో నవ్వుతారు గదమ్మా" అన్నాడు నాయన.

"పడిపోతే ఏడుస్తారు నాయనా. ఏది కావల్ల నీకు?" అన్నాను.

ఇంటికొచ్చాక ఈ పూట అమ్మ సగం ముద్దే పెట్టింది. రేపూ ఒప్పుకుంటాడో లేదో తెలీదు.

"నన్నేం చూస్తాండారు? పోయి టీవీ చూసుకోండి" అన్నాడు. మేం టీవీ వైపు తిరిగాం. ఆయన గోడ వైపు తిరిగి, మెల్లగా నమలడం మొదలుపెట్టాడు.

అమ్మ టీవీ సౌండు పెంచింది.