చింతచెట్టు మీద పురుళ్లు

కార్తీక బహుళ విదియ

పెరటి చింతచెట్టు నిండా గూళ్లు. ఎర్రకాళ్ల కొంగలు. పిల్లలు బయటపడ్డాయి. తల్లులు నోరు విప్పవు, ముక్కులు టకటకలాడిస్తాయంతే. గోలంతా పిల్లలదే. అత్తగారు ఏటా అనే మాటే అన్నారు: "ఆడపిల్లలు పురిటికొచ్చేరు." నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన పోయాక నాకు మిగిలిన ఊరు ఈ కిటికీయే.

చవితి

బావగారు రాజోలు నుంచి వచ్చారు. కాలువ లాకులకు ఇటుకలు కాలుస్తున్నారట, బట్టీకి కట్టె కావాలట. మన చింతచెట్టు ఇస్తానని గుత్తదారుకు మాట ఇచ్చేశారు. పిల్లలకింకా రెక్కలు రాలేదని అత్తగారు నసిగారు.

"కొంగల కోసం మాట తప్పమంటావా అమ్మా?"

ఆవిడ చేతికర్ర తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. నేనెవరిని మాట్లాడడానికి...

పంచమి

పొద్దున్నే గొడ్డళ్లతో మనుషులు వచ్చారు. నూతి దగ్గర నీళ్లు తోడుకుని వస్తున్నాను, చూసుకోలేదు. ఎదురుపడ్డాను. గుండు, ముసుగు, నేను. వాళ్లలో పెద్దాయన ఆగిపోయాడు.

"ఇయ్యాల పని మొదలెట్టలేమండి. ఎదురు బాలేదండి, ఆయ్."

వెళ్లిపోయారు. సిగ్గుతో చచ్చిపోయాను. బావగారు తిట్టిన తిట్లు రాయను.

మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుంటే అప్పుడు తట్టింది. చెట్టు ఉంది. ఇవాళ్టికి ఉంది.

షష్ఠి

ఈసారి చూసుకునే వెళ్లాను. దొడ్లో మాటలు వినపడగానే బిందె చంకనెత్తుకుని ఎదురెళ్లాను. మళ్లీ వెనక్కి! ఈ బోడితల ఇన్నాళ్లకి ఒకరికి పనికొచ్చింది. లోపలికొచ్చి నవ్వుకున్నాను. ఎన్నాళ్లయిందో నవ్వి.

అష్టమి

నిన్న కూడా వెళ్లాను. బావగారు కనిపెట్టేశారు. కొట్టుగది వైపు వేలు చూపించారు. బయట గొళ్లెం. చెట్టు పడేదాకా నేనిక్కడే. అష్టమీ నవమీ మంచివి కావని మనుషులు దశమి పొద్దున్న వస్తారట. కాగితాలు, కలం కొంగులో దాచి తెచ్చుకున్నాను.

కిటికీ లేదు. వడ్ల బస్తాలు, ఎలుకలు. ఊపిరాడడం లేదు. పిల్లల గోల మాత్రం వినపడుతోంది. అది ఆగిపోతుందేమోనని భయం.

అత్తగారు అన్నం పెట్టడానికి తలుపు తీశారు. దశమి పొద్దున్న ఒక్కసారి వదలమన్నాను, కాళ్లు పట్టుకున్నాను.

"నా వల్ల కాదే తల్లీ. వాడికి ఎదురు చెప్పి ఈ ఇంట్లో ఎలా ఉండను?"

మళ్లీ గొళ్లెం పెట్టేశారు. కోపం వచ్చింది. తరవాత జాలి వేసింది. ఆవిడదీ నాలాంటి తలే. నేను పుట్టకముందే ఆవిడకీ గుండు చేయించి మూల కూర్చోబెట్టారు.

దశమి

తలుపు సందు తెల్లబడింది. మనుషులు వచ్చారు. గొడ్డలి నూరుతున్న చప్పుడు.

అత్తగారి చేతికర్ర చప్పుడు... ఇటే వస్తోంది. గొళ్లెం తీస్తారు.

తీయలేదు. గది దాటి పోయింది. పెరటి గుమ్మం వైపు.

నూరడం ఆగింది. బావగారి గొంతు: "అమ్మా, నువ్వు లోపలికి పద."

కర్ర చప్పుడు లేదు. గుమ్మంలోనే నిలబడ్డారు, గొడ్డళ్లకి ఎదురుగా.

"పదమంటుంటే."

ఇంకా నిలబడే ఉన్నారు.