స్కోపులో ఎర్ర చుక్క

సెప్టెంబర్ 1, సోమవారం

మళ్ళీ వచ్చాయట.

కాలేజీకి తయారవుతుంటే సత్యం మావయ్య ఫోన్. "అమ్మీ, మొక్కజొన్న నాలుగు మడులు తినీసినాయే. తిన్నా పర్లేదు, తొక్కీసినాయి." చోడవరం అవతల, అడవి అంచున ఆయన పొలం. అడవి పందులకి అది దారిలో హోటలు. ఫారెస్టు వాళ్ళు పందుల్ని కొట్టడానికి అనుమతించే జాబితాలో ఈ ఏడూ నా పేరుంది. నాన్న పేరు మీంచి నా పేరు మీదికి మారిన రైఫిలుంది. ఇంక కావలసింది నేను కారెక్కడమే అని మావయ్య ధీమా.

"గురి చూసుకోడానికి కొత్త స్కోపు కొనకుండా రాను" అన్నాను.

"ఉన్నదానికేటొచ్చింది?"

ఏమొచ్చిందో ఆయనకీ తెలుసు. నిరుడు పక్కనే ఉన్నాడు.

సెప్టెంబర్ 2

రాసేస్తే తేలికవుతుందేమో. నిరుడు, వెలుగు పోయే వేళ. పంది నలుపు, వెనక చెరుకు తోట నలుపు, స్కోపులో గీతలూ నలుపే. అడ్డగీత, నిలువుగీత ఎక్కడ కలుస్తున్నాయో కనపడలేదు. అయినా కొట్టాను. తగిలింది, తగలవలసిన చోట కాదు. మర్నాడంతా ఫారెస్టు గార్డూ నేనూ నెత్తుటి మరకల వెంట తిరిగాం. దొరకలేదు. ఎక్కడో ఎన్నాళ్ళు పడిందో ఆ జీవి.

నాకు నేను వేసుకున్న ఒట్టు — గీతలు కలిసే చోటు కనపడితేనే ట్రిగ్గరు మీద వేలు. ఆ చోట ఎర్రగా వెలిగే స్కోపులు ఉన్నాయి. అదే కావాలి.

సెప్టెంబర్ 3, బుధవారం

జగదాంబ దగ్గర రెహమాన్ భాయ్ తుపాకుల కొట్టు. నాన్న కాలం నుంచీ అదే. నన్ను చూడగానే టీ చెప్పాడు, తర్వాతే పని అడిగాడు.

ఒకటి తెచ్చుకున్నాను. మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల దాకా దగ్గర చేస్తుంది. లావు నల్ల గీతలు, మధ్యలో ఆవగింజంత ఎరుపు. మీట తిప్పితే వెలుగు పదకొండు మెట్లు. "తక్కువలో పెట్టుకోండి మేడమ్. ఎక్కువ పెడితే చుక్క తప్ప జంతువు కనపడదు." అన్నీ ఇలాగే అనిపించింది ఒక్క క్షణం… సరే, ఫిలాసఫీ వద్దు. టీ బాగుంది.

సెప్టెంబర్ 4

రైఫిల్ బీరువాలోనే ఉంది. స్కోపు ఒక్కటీ పట్టుకుని సాయంత్రం మేడెక్కాను. నల్లటి జంతువు మీద చూసుకోవాలి కదా — కంచరపాలెంలో అడవి పంది ఎక్కడ దొరుకుతుంది? రైలు పట్టాల అవతల సింహాచలం గారి గేదె కట్టేసి ఉంది. దాని భుజం మీద చుక్క పెట్టాను. పది నిమిషాలు చూశాను.

కింద నుంచి కేక. "మేష్టరమ్మా! మా గేదెని అలా సూత్తన్నారేటి? పాలు తగ్గిపోతాయి!"

దిష్టి తగులుతుందని పాపం గేదెని ఆవలి వైపుకి తిప్పి కట్టేశారు.

సంగతేమిటంటే — చుక్క చుక్కలా లేదు. చెమటకి కారిన కుంకుమ బొట్టులా ఉంది. కుడి పక్కన కిందికి ఓ తోక. మెట్టు తగ్గిస్తే తోక చిన్నదవుతుంది గానీ పోదు. దీనితో ఎక్కడ కొడతాను? బొట్టు దగ్గరా, తోక దగ్గరా?

సెప్టెంబర్ 6, శనివారం

వాపసిచ్చేశాను. రెహమాన్ భాయ్ చూసి, "నాకు బాగానే ఉంది మేడమ్" అన్నాడు. అమ్మేవాడికి అన్నీ బాగానే ఉంటాయి అనుకున్నాను. (పైకి అనలేదు. అనుకున్నాను.) రెండోది ఇచ్చాడు. గీతలు సన్నం, మధ్యలో చుక్క ఒక్కటే వెలుగుతుంది.

సెప్టెంబర్ 7

దీనికీ తోకే! అదే వైపు. అదే కారిపోవడం.

మా ఈయన పోర్టులో డ్యూటీ దిగి వచ్చారు. పగలంతా క్రేను మీద అంత ఎత్తున కూర్చుని కిందున్న కంటైనరు మూలకి కొక్కెం దింపే మనిషి. స్కోపు చేతికిచ్చాను. చూసి, "గుండ్రంగానే ఉంది కదే" అన్నారు.

"మీకు నేను చేసిన దోసెలు కూడా గుండ్రంగానే కనపడతాయి."

"అవి కనపడవు. అన్లేదు అంతే."

అలిగినట్టు నటించాను. అయినా రాత్రి దోసెలే వేశాను.

సెప్టెంబర్ 8

మావయ్య సొంతంగా ప్రయోగాలు చేస్తున్నాడు. మొదట పొలం చుట్టూ పాత చీరలు కట్టాడు. తర్వాత సెలూన్ నుంచి జుట్టు తెచ్చి గట్ల మీద చల్లాడు. ఇప్పుడు నూకాలత్త తిట్టే తిట్లు ఫోనులో రికార్డు చేసి, మంచెకి మైకు కట్టి వినిపిస్తున్నాడు.

"పని చేస్తోందా?"

"రెండ్రోజులు పారిపోనాయి. మూడోనాడు నాలాగే అలవాటు పడిపోనాయే అమ్మీ. ఇంటూ మేత్తన్నాయి."

వెనక నుంచి అత్త గొంతు — "ఆ మైకు నీ సెవిలో పెడతాను." ఇది రికార్డు కాదనుకుంటా.

సెప్టెంబర్ 9, మంగళవారం

మూడోది. ముందు గాజు యాభై ఆరు మిల్లీమీటర్లు, దిబ్బరొట్టె మూకుడంత. చీకట్లో వెలుగంతా పోగుచేసి ఇస్తుందట. కాగితం తీసి లెక్క వేశాను. ఎనిమిది రెట్ల దగ్గర అది నా కంటికి ఏడు మిల్లీమీటర్ల వెలుగు కట్ట పంపుతుంది. నా వయసుకి కంటిపాప అయిదుకి మించి తెరుచుకుంటుందా? మిగతా వెలుగు బుగ్గ మీద పడుతుంది. బుగ్గతో పందిని చూడలేను. పైగా బరువు. పైగా — తోక.

"మేడమ్, ఇది తుపాకుల కొట్టా, చీరల కొట్టా?" అన్నాడు రెహమాన్ భాయ్, మూడోది కూడా బల్ల మీద పెడితే.

"చీరయితే ఇంత ఆలోచించేదాన్ని కాదు భాయ్."

నవ్వాను గానీ మనసులో గుబులు. మూడు కంపెనీలూ ఒకే తప్పు ఎలా చేస్తాయి? నాసిరకం సరుకు దించుతున్నాడా? ఇరవై ఏళ్ళుగా టీ పోసిన మనిషిని అనుమానిస్తున్నాను. ఛీ.

సెప్టెంబర్ 11, గురువారం

నవ్వాలో తల బాదుకోవాలో తెలియట్లేదు.

సెకండియర్ క్లాసు, కాంతి పాఠం. ఏటా చెప్పేదే, ఏటా గీసే బొమ్మే. కంటి ముందుపొర గుండ్రంగా కాకుండా ఓ పక్కకి సాగినట్టుంటే వెలుగు చుక్క చుక్కగా నిలవదు, గీతలా సాగుతుంది, దీన్ని అస్టిగ్మాటిజం అంటారు… బోర్డు మీద రాస్తున్నాను. మూడో బెంచీ అమ్మాయి లేచింది. "మేడమ్, లోపం లెన్సులో ఉందో కంట్లో ఉందో ఎలా తెలుస్తుంది?"

తడుముకోకుండా చెప్పాను. "లెన్సుని అక్కడికక్కడే గుండ్రంగా తిప్పి చూడమ్మా. సాగిన గీత కూడా తిరిగితే లోపం లెన్సుది. గీత కదలకుండా ఉంటే లోపం…"

ఆగిపోయాను. సుద్దముక్క చేతిలోనే ఉంది. అరవై మంది చూస్తున్నారు.

"… చూసేవాళ్ళది."

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పలేదు. నాలుగేళ్ళ కిందట ఈయన నౌకలు చూడ్డానికి కొన్న చిన్న స్కోపొకటుంది, వెలిగే చుక్కదే, చేతిపట్టుది. కంటికి ఆనించి గుండ్రంగా తిప్పాను. పూర్తి చుట్టు. స్కోపు తిరిగింది. తోక తిరగలేదు. కుడి పక్కన, కిందికి, బుద్ధిగా, అక్కడే.

పదిహేడేళ్ళుగా అస్టిగ్మాటిజం పాఠం చెబుతున్నాను.

సెప్టెంబర్ 12

రెహమాన్ భాయ్ దగ్గరికి వెళ్ళి ఒప్పుకున్నాను. అనుమానించిన సంగతి కూడా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఒకటే నవ్వు. "నలభై దాటినోళ్ళు అందరూ ముందు స్కోపునే తిడతారు మేడమ్."

"మొదటి రోజే చెప్పొచ్చుగా?"

"ఆడవాళ్ళకి వయసు గుర్తు చేస్తే నా దుకాణం నడుస్తుందా?"

మొట్టమొదట వాపసిచ్చినదే మళ్ళీ తెచ్చుకున్నాను. లావు నల్ల గీతలు, ఆవగింజంత ఎరుపు. బ్యాటరీ అయిపోయినా నల్ల గీతలు ఉంటాయి. మామూలు బరువు. ఇంత తిరిగి ఇక్కడికే!

సెప్టెంబర్ 13, శనివారం

కళ్ళ డాక్టరమ్మ చిన్నపిల్ల, నా స్టూడెంటు వయసు. కుడి కంటికి సిలిండరు పవరు, అంటే ఆ సాగుడుని సరిచేసే అద్దం, రాసింది. "ఇన్నాళ్ళూ అద్దాలు లేకుండా ఎలా నెట్టుకొచ్చారు మేడమ్?"

ఎలా అంటే — అద్దాలు పెట్టుకుంటే అచ్చం మా అమ్మలా ఉంటానని. ఇది డాక్టరుకి చెప్పలేదు.

నిరుడు నా కంటికి తోక ఉందా? నల్ల గీతలు కనపడలేదన్నది చీకటి వల్లా, దీని వల్లా? ఏడాదిగా పాత స్కోపు మీద నేరం మోపాను.

సెప్టెంబర్ 17

అద్దాలు వచ్చాయి. మేడ మీద. గేదె భుజం మీద ఎర్ర చుక్క. గుండ్రంగా, ఒంటరిగా, తోక లేకుండా. గట్టిగా నవ్వేశాను. సింహాచలం గారు పైకి చూసి గేదెని విప్పుకుని వెళ్ళిపోయారు.

ఈయన: "అచ్చం మీ అమ్మలా ఉన్నావ్."

సెప్టెంబర్ 20, శనివారం

రైఫిల్ క్లబ్బులో గురి చూసుకునే రేంజి. సాయంత్రం వెలుగు తగ్గాక అయిదు గుండ్లు. కంటికీ స్కోపుకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం పెట్టుకున్నాను, లేకపోతే రైఫిల్ తన్నినప్పుడు కొత్త అద్దాలూ కనుబొమ్మా రెండూ పోతాయి. అయిదు రంధ్రాలూ నా అరచేతి కింద దాక్కున్నాయి. ఆ గురి కాగితం మడిచి తెచ్చుకున్నాను. ఫ్రిజ్ మీద అంటించారు ఈయన, గ్యాసు బుకింగు నంబరు పక్కన.

ఫారెస్టు అనుమతి కూడా చేతికొచ్చింది. నెలాఖరు దాకా.

సెప్టెంబర్ 21, ఆదివారం

చోడవరం. ఆగిన ప్రతి చోటా మావయ్య ఫోన్ — "ఎంతవరకొచ్చినావ్?" అత్త చేపల పులుసు. మడులు చూశాను. తొక్కిన మొక్కజొన్న నేలకి చాపలా పరుచుకుని ఉంది. కోపం వచ్చింది, నిజంగానే. ఈ కంకులకి నీళ్ళు మోసింది అత్త.

అయిదింటికి మంచె ఎక్కాం — నేను, మావయ్య, గార్డు అప్పలరాజు. మైకు ఆపించాం. పొలంలో మనుషులెవరూ లేరని అప్పలరాజు రెండుసార్లు తిరిగి చూసి వచ్చాడు.

(మిగతాది రేపు.)

సెప్టెంబర్ 22

వచ్చింది. ఒంటరి మగది. ఏభై అడుగుల దూరం, పక్కకి తిరిగి, నా కోసమే నిలబెట్టినట్టు. వెలుగు రెండో మెట్టు మీద పెట్టాను. ముందుకాలి వెనక, సరిగ్గా ఉండవలసిన చోట ఎర్ర చుక్క. దాని మెడ మీద వెంట్రుకలు కూడా కనపడుతున్నాయి. వెనక మట్టి గట్టు, గుండు ఎటూ పోదు. ఏడాదిగా కోరుకున్నదంతా ఒక్క గాజులో ఉంది.

"కొట్టీండి మేడమ్" — అప్పలరాజు, ఊపిరితో.

వేలు కదల్లేదు.

పంది ఒక కంకి పొట్టు వొలిచింది. మొత్తం తింది. తీరిగ్గా. ఇంకోటి వాసన చూసి, నచ్చనట్టు వదిలేసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మావయ్య అన్నాడు — "దానికి టిఫినెట్టి పంపీసినావేటే."

ముగ్గురం నవ్వాం. మంచె ఊగేంత నవ్వు.

జాలా? కాదనుకుంటా. మధ్యాహ్నం చేపల పులుసు రెండుసార్లు వేయించుకున్నదాన్ని. భయమా? చేతులు వణకలేదు, చుక్క ఒక్కసారి కూడా జరగలేదు. ముందు గాజుది తప్పన్నాను. తర్వాత కంటిది తప్పన్నాను. నిన్న రెండూ బాగానే ఉన్నాయి. నిరుడు కనపడకపోయినా కొట్టగలిగాను. మరి ఇంత స్పష్టంగా కనపడినప్పుడు…

సెప్టెంబర్ 23, మంగళవారం

నూకాలత్త ఫోన్. మావయ్య చేత మాట్లాడించకుండా తనే చేసింది.

"నీకు కొట్టాలని ఉందా నేదా, అది సెప్పు. నేదంటే తప్పేటి నేదే. మీ మావయ్య ఆ రెండో ఆయన్ని పిలుత్తానంటన్నాడు."

ఆ రెండో ఆయన పేరూ జాబితాలో ఉంది. నాకు తెలుసు. స్కోపు వాడడు. చీకట్లో ఆకుల చప్పుడు విని అటు కొడతాడు, అదో గొప్పగా చెప్పుకుంటాడు. ఆయన కొట్టినవి ఎన్ని పడ్డాయో, ఎన్ని కుంటుకుంటూ అడవిలోకి పోయాయో ఎవరూ వెతకరు.

"రేపు చెప్తాను అత్తా."

"రేపంటే రేపే. కంకులు నీ కోసం ఆగవు."

సెప్టెంబర్ 24, బుధవారం

క్లాసులయ్యాయి. స్టాఫ్ రూములో ఎవరూ లేరు. అద్దాలు తీశాను, పెట్టుకున్నాను, మళ్ళీ తీశాను.

వెళ్ళి మళ్ళీ కొట్టలేకపోతే పంట పోతుంది. వెళ్ళనంటే ఆ చప్పుడు మనిషి వస్తాడు. వెళ్ళి కొడితే — కొడితే ఏమిటో మాత్రం రాయలేకపోతున్నాను. రెండుసార్లు రాసి కొట్టేశాను.

అత్త నంబరు నొక్కాను. మోగుతోంది. ఎడం చేత్తో ఫోను, కుడి చేత్తో ఈ రాత. మూడోసారి మోగింది. అత్త పెరట్లో ఉంటుంది, చేతులు తుడుచుకుని రావాలి, ఇంకో రెండు మోతల్లో ఎత్తుతుంది, అప్పటికి వస్తాననాలో రాననాలో నాకు తెలియాలి —