బావకొక గట్టి సైకిలు

సైకిళ్ళ కొట్టు తమ్ముడికి అక్క దీవించి రాసేది,

ఇక్కడ మేమిద్దరం ఉన్నాం. బాగున్నామని రాయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు. పిల్ల పోయి ఏడాది దాటినా గుమ్మం దాటాలంటే కాళ్ళాడవు. నేను కుట్టిన బట్టలు అది సైకిలు మీద ఇంటింటికీ ఇచ్చి వచ్చేది కదా, ఆఖరి మూట ఇంకా మిషను పక్కనే ఉంది.

అసలు సంగతి. మా ఇంటికో సైకిలు కావాలి. భారీ మనిషి కూర్చోవాలి. గోడౌను తూకంలో నూట ఎనిమిది కిలోలు తేలింది. నడుము నొప్పి పెట్టకూడదు. బజారుకీ, గతుకుల సందులకీ, మూట మొయ్యడానికీ అన్నిటికీ అదే పనికిరావాలి. ఎవరికని అడగకు.

నీ అక్క

తా.క.: రాళ్ళు చాలక తూకం వేసేవాడు పక్క కొట్టు నుంచి తెచ్చాడు. ఇది నీ కడుపులో పెట్టుకో.

*

అక్కకి తమ్ముడి నమస్కారాలు.

అడగొద్దన్నావు, అడగను. మీ ఇంట్లో ఉన్నదే ఇద్దరు. నువ్వు గుమ్మం దాటవు. ఇక మిగిలింది బావేగా. కిందటేడు చూసినప్పుడు కొక్కేనికి తగిలించిన చొక్కాలా ఉండేవాడు. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, పాతికేళ్ళకి బావ నువ్వయ్యాడన్నమాట. పోనీలే, దుఃఖం కొందరిని ఎండబెడుతుంది, కొందరిని ఊరబెడుతుంది.

బరువైన మనిషికి సన్న టైర్లు పనికిరావు. లావు టైర్లు, ఎక్కువ పుల్లలున్న చక్రాలు, వెడల్పు సీటు ఉండాలి. హ్యాండిలు ఎత్తుగా ఉంటే నిటారుగా కూర్చోవచ్చు, నడుముకి హాయి. ముందు రాడ్డున్న మగవాళ్ళ సైకిలు ఒకటి తీసి పెట్టాను.

నీ తమ్ముడు

తా.క.: రాత్రిపూట రెండు రొట్టెలు తగ్గించమని బావకి విడిగా ఓ కార్డు రాశాను.

*

తొందరపాటు తమ్ముడికి అక్క ఆశీస్సులు.

రాడ్డు సైకిలు వద్దు. కాలు అంత ఎత్తు లేవదు. ఫ్రేము కిందికి వంగి ఉండాలి, నేల మీంచి అలా అడుగు వేసి ఎక్కెయ్యాలి. ముందు ఓ బుట్ట కూడా పెట్టించు.

నీ కార్డు చదివి మీ బావ అద్దం ముందు చాలాసేపు నిలబడ్డారు.

నీ అక్క

తా.క.: ఆయన తినేదే రెండు రొట్టెలు. రెండూ మానేశారు.

*

అక్కకి తమ్ముడు నమస్కరించి,

బావకి కాలు కూడా లేవడం లేదా? సంగతి ఇంత దాకా వచ్చిందని ముందే ఎందుకు చెప్పలేదు? రోజూ పొద్దున్నే గోడ పట్టుకుని కాలు పైకి లేపమని ఆయనకి ఇంకో కార్డు రాశాను. వంగిన ఫ్రేము సైకిలు లారీకి ఎక్కించాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసం రాకుండా గేర్లున్నాయి, బుట్టా కారియరూ ఉన్నాయి. బావ బరువుకి నాదే పూచీ.

నీ తమ్ముడు

తా.క.: నువ్వూ అప్పుడప్పుడు గుమ్మం దాకా రా అక్కా. బావని వెనక నుంచి తొయ్యడానికైనా.

*

మా తమ్ముడికి అక్క మనసారా దీవించి రాసేది,

సైకిలు చేరింది. మీ బావ కాలికేం కాలేదు. ఎందుకో తెలియకపోయినా, నువ్వు చెప్పావని పాపం రోజూ గోడ పట్టుకుని లేపుతున్నారు. ఆ నూట ఎనిమిదీ నేనేరా, తూకానికని ఒక్కసారి గుమ్మం దాటాను. చెబితే నవ్వుతావని దాచాను.

ముందు పిల్ల సైకిలే ఎక్కి చూశాను. చక్రం వంగింది. తుడిచి మళ్ళీ గోడకి ఆనించాను. “అమ్మా, నీ కుట్టు ఊరంతా తిరుగుతుంది, నువ్వే తిరగవు” అని వెక్కిరించేది కదా. అది తిరిగిన గుమ్మాలు నేనూ చూడాలనిపించింది.

నిన్న ఆ ఆఖరి మూట బుట్టలో పెట్టుకుని బయల్దేరాను. టీచరమ్మ కూతురి గౌను ఏడాది ఆలస్యం. ఆ పిల్ల ఎదిగిపోయింది, గౌను మోకాళ్ళ దాకా కూడా రాలేదు. టీచరమ్మ నవ్వి, “ఇంకోటి కుట్టండి. మీ అమ్మాయి మా గేటు దగ్గర బెల్లు కొట్టేది కాదు, పిల్లిలా అరిచేది” అంది. రొట్టెల కొట్టాయన, “మా కొట్టు ముందు వాలు దగ్గర రెండు కాళ్ళూ గాల్లోకి ఎత్తేసేది” అన్నాడు. ఇవేవీ నాకు చెప్పలేదురా అది.

ఒక్కో గుమ్మంలో దాని ముచ్చట ఒకటి మిగిలుంది. అన్నీ ఒకేసారి అడగలేదు. మళ్ళీ కుడితే మళ్ళీ వెళ్ళొచ్చుగా. మిషనుకి నూనె వేశాను.

నీ అక్క

తా.క.: నాకింకా దిగడం రాదు. ఆపినప్పుడు పట్టుకోవడానికి మీ బావ కారియరు మీద కూర్చుని వస్తున్నారు. ఎక్కారో లేదో నాకు తెలియడం లేదు. రొట్టెలు తినమని ఇంకో కార్డు రాయి, నీ మాటైతే వింటారు.