రెండో చీటీ

ఆర్మూరు,
సోమవారం.

మనసులోనే పిలుచుకునే మీకు,

గంగామణి రాస్తున్నది. మీ పేరు రాయకుండా ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక ఒక కాగితం చించి పారేశాను. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి కొంచెం నయం. బర్రె రెండు రోజులుగా పాలు సరిగ్గా ఇస్తలేదు. మీరు పసుపు లోడుతో సాంగ్లీ పోయి తొమ్మిది రోజులైంది. ఫోను అత్తమ్మ దగ్గరే ఉంటుంది, స్పీకరు పెట్టనిదే ఆమెకు మాట్లాడినట్టుండదు. అందుకని నా ఐదో తరగతి చదువుతో ఈ ఉత్తరం రాసి లారీ ఎంకటి అన్న చేతికిస్తున్నాను. తప్పులుంటే నవ్వకండి.

నిన్న మల్లేష్ అన్న, బబ్లు, మిగతా స్నేహితులు మన వరండాలో కూర్చున్నారు. మీ తమ్ముడు సాయిప్రసాద్ పేరు మీద పెట్టే ఫుట్‌బాల్ లీగు మాటలే. చాయ్ పోస్తూ తెర వెనక నుంచి విన్నాను కాబట్టి నాకూ కొంత తెలిసింది. ఎక్కడో దూరదేశంలో ఆటగాళ్లు నిజంగా ఆడతారట. మీరు ఏడుగురు ఇక్కడ కూర్చుని వాళ్లను పంచుకుంటారట. మీ వంతుకు వచ్చిన ఆటగాడు గోలు కొడితే పాయింట్లు మీకట. ఎట్లా పంచుకోవాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

మల్లేష్ అన్న వేలంపాట పెట్టాలంటాడు. "ఆర్మూర్ల పుట్టి పాట పాడకుంటెట్లరా? పసుపు కొమ్ముకు పాట, చిట్టీకి పాట, గణపతి లడ్డుకు పాట. ప్లేయర్‌కు పెడితే తప్పొచ్చిందా?"

"నీ గొంతు పెద్దది గన్క పాటంటవ్," అన్నాడు బబ్లు. "పోయినేడు లడ్డు గట్లనే గుంజుకున్నవ్. మేం నోరు తెరిచేసరికి నువ్వు దాన్ని సగం తిన్నవ్."

బబ్లు చెప్పింది వరుస పద్ధతి. చీటీలు తీసి ఎవరు ముందో ఎవరు వెనుకో తేల్చుకుని ఒక్కొక్కరు ఒక్కో ఆటగాణ్ని తీసుకోవాలి. చివర మిగిలినవాడు రెండో చుట్టులో మొదట తీసుకోవాలి. పాము మెలి తిరిగినట్టు పోయి వస్తుందట. అందరూ ఎవరికి నచ్చినవాణ్ని వాళ్లు తీసుకోవచ్చని ఒకాయన అంటే, "అందరి దగ్గర ఒకడే ఉంటే ఇగ కొట్లాడుడేంది?" అని కొట్టిపారేశారు. పాటకు ముగ్గురు, వరుసకు ముగ్గురు. మీ ఓటు ఎటు పడితే అదే.

మీకు ఫోను కలిపితే మీరు స్పీకరులో, "వరుసనే అయితే చీటీలు గంగామణి రాస్తది. ఆమె రాత ముత్యాల లెక్కుంటది," అన్నారు. మల్లేష్ అన్న తెర వైపు తిరిగి, "వదినా, వచ్చే ఆదివారం వస్తం, చీటీలు తయారు పెట్టు," అన్నాడు. నేను కప్పులు నింపకుండానే చాయ్ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చేశాను.

మీరు పాటకే ఓటు వేయండి. పాటలో ఎవరికి ఏది కావాలో వాళ్లే నోటితో అడుగుతారు. అందరూ వింటారు. చీటీలో ఏముందో మడిచిన మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియదు. నేను ఏనాడూ మిమ్మల్ని ఏదీ అడగలేదు. ఇది ఒక్కటే.

మీ
గంగామణి

ఆర్మూరు,
గురువారం.

ఉత్తరం చదివి నవ్విన మీకు,

ఫోనులో మీరు, "గంగామణీ, నీకు ఫుట్‌బాల్ ఫికర్ ఎప్పటి సంది?" అన్నారు. అత్తమ్మ కూడా నవ్వింది. నేను కూడా నవ్వినట్టు చేశాను. ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. ఇది చదివాక నన్ను మా అమ్మ వాళ్లింటికి ఆలూరు పంపినా నేను ఏమీ అనను.

పోయినేడు ఏప్రిల్‌లో ఉడికించిన పసుపు కల్లంలో ఆరబోసి ఉన్నది. మధ్యాహ్నం పడమటి దిక్కు నల్లబడింది. చెడగొట్టు వాన వస్తున్నదని అందరూ ఉరికారు. టార్పాలిన్లు ఇందల్వాయిలో మీ మేనత్త గంగాబాయి ఇంట్లో ఉన్నాయి. ఒకరు బండి మీద పోయి తేవాలి, ఇంకొకరు పసుపు కుప్ప చేయాలి. "నువ్వు పో" అంటే "నువ్వే పోరా" అని మీరిద్దరూ వాదులాడుకున్నారు. సాయి నన్ను కేకేసి, "వదినా, రెండు పేర్లు రాసి చీటీలు తే. దేవుడే తేలుస్తడు," అన్నాడు. నేను లోపలికి పోయి క్యాలెండరు కాగితం చించి, మొదటి చీటీ మీద సాయిప్రసాద్ అని రాశాను.

మీకు రెండు రోజులుగా జలుబు. ముందు రాత్రి దగ్గు విన్నాను. అంతకన్నా గొప్ప కారణం లేదు. వానలో ఆ రోడ్డు మీద పోయే మనిషి నా మనిషి కావద్దనుకున్నాను. ఇంకెవరి మనిషి అయినా ఫర్వాలేదనుకున్నాను. రెండో చీటీ మీద కూడా సాయిప్రసాద్ అనే రాశాను. మీ పేరు రాయడానికి సిగ్గుపడి కాదు. చేయి తప్పి కాదు. బాగా ఆలోచించే రాశాను. రెండు క్షణాలు పట్టింది.

సాయి గిన్నెలో చేయి పెట్టి ఒకటి తీసి విప్పి, "నేనే దొరికిన్నా!" అన్నాడు. ఆ గొంతు అట్లాగే ఉన్నది నా చెవిలో. నేను ముఖం చూపించలేక లోపలికి వచ్చాను. కొంచెం సేపటికి గిన్నె కోసం వస్తే గిన్నె ఖాళీగా ఉన్నది. గాలికి పోయిందనుకున్నాను. చీకటి పడకముందే హైవే మీది నుంచి ఫోను వచ్చింది. బండి జారిందన్నారు. వెనక లారీ ఉన్నదన్నారు.

అప్పటి నుంచి ఆ రెండో చీటీని వెతుకుతున్నాను. మంచాల కింద, పసుపు గోనెల సందుల్లో, ఉతికేటప్పుడు మీ చొక్కా జేబుల్లో. "మా కోడలు మూల మూల ఊడుస్తది," అని అత్తమ్మ వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్తుంది. నేను ఊడ్చేది ఇల్లు కాదని ఆమెకు తెలియదు. ఎక్కడ మడిచిన కాగితం కనబడినా, మందుల పొట్లమైనా, దేవుని కుంకుమ పొట్లమైనా, అందులో నా రాతలో అతని పేరు ఉంటుందేమోనని ఎవరూ లేనప్పుడే విప్పుతాను. సాయంత్రం ఎవరి బండి ఇంటి ముందు నెమ్మదించినా పొయ్యి దగ్గర నుంచి లేస్తాను. నాకు తెలుసు అది సాయి కాదని. అయినా లేస్తాను.

ఆదివారం మళ్లీ చీటీలు రాయమంటున్నారు. అతని పేరు మీద ఆడే ఆటకు. నా చేతితో.

తిట్టాలనిపిస్తే ఫోనులో తిట్టకండి, అత్తమ్మ వింటుంది. ఎంకటి అన్నతో రాసి పంపండి.

గంగామణి

సాంగ్లీ,
శుక్రవారం.

గంగామణికి,

నీ ఉత్తరం మార్కెట్లో గోనెల మీద కూర్చుని చదివాను. పక్కన పాట నడుస్తున్నది. మన పసుపు ధర ఎంత పలికిందో కూడా వినలేదు. కోపం రాలేదని రాస్తే అబద్ధం. మధ్యాహ్నం దాకా వచ్చింది. నీకు ఫోను చేసి ఒక మాట అనాలని రెండుసార్లు నంబరు తీశాను, అమ్మ ఎత్తుతుందని పెట్టేశాను.

నువ్వు వెతికే చీటీ ఇంట్లో లేదు. నా పర్సులో ఉన్నది.

నువ్వు లోపలికి పోయాక సాయి ఊరుకోలేదు. వాడి సంగతి నీకు తెలుసు కదా, ఏదైనా ఉన్నచోట ఉండనివ్వడు. రెండో చీటీ విప్పి చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. "అన్నా, వదిన సిగ్గు జూడు! నీ పేరు రాసుడు సుత సిగ్గేనట. రెండిట్ల నా పేరే ఎక్కిచ్చింది." నా పేరు నువ్వు నోటితో పలకవు, ఆధార్ ఆఫీసులో కూడా అమ్మతోనే చెప్పించావు. అందుకే నేనూ అట్లాగే అనుకున్నాను. ఈ రోజు పొద్దుటి దాకా అదే అనుకున్నాను. మొన్న నిన్ను చీటీలు రాయమన్నది కూడా అందుకే. ఈసారి నా పేరు రాస్తావా, లేదా చూద్దామని.

ఇప్పుడు నా సంగతి విను. సాయి ఆ రెండు చీటీలు జేబులో పెట్టుకుని, "మల్ల ఎయ్యాల్నా అన్నా? గిది చెల్లది గదా," అన్నాడు. న్యాయంగా అడిగాడు. మళ్లీ వేస్తే నా పేరు వచ్చేదేమో, రాకపోయేదేమో. నేను, "టైం లేదు పోరా, వాన కొడ్తది," అన్నాను. టైం ఉన్నది. నాకు పోవాలని లేదు, అంతే. వాడు బండి ఎక్కుతూ, "వదినకు చెప్పకు, ఇంకింత సిగ్గుపడ్తది," అన్నాడు. ఇది వాడు నాతో అన్న ఆఖరి మాట. దవాఖానలో వాడి చొక్కా నా చేతికిచ్చారు. జేబులో రెండు కాగితాలు తడిసి అంటుకుని ఉన్నాయి. పెన్సిలు రాత కాబట్టి పోలేదు.

రెండు చీటీల మీదా వాడి పేరే రాశానని నువ్వు కుమిలావు. అది చెల్లదని తెలిసీ నేను వాణ్ని పంపాను. పక్కపక్కన పడుకుని ఏడాది గడిపాం. నువ్వు నిద్రలో ఏడిస్తే సాయి కోసమనుకుని అటు తిరిగి పడుకునేవాణ్ని. ఎవరిది ఎక్కువ తప్పో నాకు తెలియదు, తెలుసుకునే ఓపిక కూడా లేదు. నువ్వు ఆలూరు పోవద్దు.

లీగులో నా ఓటు నువ్వే వెయ్యి. పాటకైనా సరే, వరుసకైనా సరే. మల్లేష్‌కు ఫోను చేసి చెప్పాను.

శ్రవణ్‌కుమార్

ఆర్మూరు,
ఆదివారం సాయంత్రం.

శ్రవణ్‌కుమార్ గారికి,

మీ ఉత్తరం పొద్దున అందింది. స్నేహితులు పదకొండింటికి వచ్చారు. మల్లేష్ అన్న తెర వైపు చూసి, "వదినా, నీ చేతిలనే ఉన్నదట మా నసీబు. పాటనేనా?" అన్నాడు. పాట అని అందామనే నోరు తెరిచాను. అట్లా అంటే ఆ చీటీల నుంచి ఈ జన్మకు తప్పించుకుంటాను, కానీ ఆ తెర వెనకే ఉండిపోతాను అనిపించింది. బయటికి వచ్చి, "వరుస," అన్నాను.

"వదిన మాట్లాడింది రో!" అన్నాడు బబ్లు. "మల్లేషన్న గొంతు పడిపోయింది సూడుండ్రి, ఇగ లడ్డు మనదే."

అందరి ముందు కూర్చుని ఏడు చీటీలు రాశాను. ఒక్కొక్కటి మడిచే ముందు అందరికీ చూపించాను. "ఏంది వదినా, మేం దొంగలమా?" అన్నాడు మల్లేష్ అన్న. "మీరు కాదన్నా," అన్నాను. మీ పేరు అక్షరం అక్షరం పూర్తిగా రాశాను. మీది అందరికన్నా ఆఖరున వచ్చింది. మీరు మొదటి చుట్టులో చివర, రెండో చుట్టులో మొదట. మంచి ఆటగాళ్లు ఇద్దరు వెంటవెంటనే దొరుకుతారని బబ్లు కుళ్లుకుంటున్నాడు.

వాళ్లు పోయాక అత్తమ్మ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నేను ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. మీ సంగతి చెప్పాలా వద్దా అని ఆగాను. "వాడేమన్నడు?" అని ఆమే అడిగింది. అదీ చెప్పాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. గింజలు తీస్తూనే, "నువ్వు గా రెండిట్లనూ శ్రవణ్‌గాని పేరు రాసుంటే, ఇయ్యాల నేనెవల కోసం ఏడుద్దును?" అన్నది. "నన్ను కొన్ని దినాలు పలకరియ్యకు," అన్నది. సరే అన్నాను. తరువాత ఆమే మళ్లీ పలకరించింది.

మీరు వచ్చేటప్పుడు ఆ రెండు చీటీలు తడవకుండా తీసుకురమ్మన్నది. తన చేతుల్లో పెట్టుకుని చూస్తుందట. ఆమెకు చదువు రాదు కదా అన్నాను.

"నువ్వు సదువు," అన్నది. "రెండూ నువ్వే సదివి ఇనిపియ్యాలె."

త్వరగా రండి.

గంగామణి