లచ్చక్క విస్తరి

లచ్చక్కా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. బతికినన్నాళ్లు అడివిల అడ్డాకులు ఏరి విస్తర్లు కుట్టినవ్. నీ సంవత్సరీకానికి నీ కొడుకు శీను పాల్వంచ నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు తెచ్చిండు. వాటి మీద ఆకు బొమ్మ!

"ఏందిరా ఇవి?" అన్న.

"చైనా మాల్ మామా. ఆకులు ఇప్పుడెవరు కుడతరు?"

"ఇంటెనకనే అడివుంటే, నీ తల్లికి ఆకు సముద్రం దాటి రావాల్నా?"

ఒళ్లు మండి ప్లేట్లన్నీ బర్రెల కొట్టంల పారేసిన. ఆకు తెచ్చి, నీకు బువ్వ పెట్టనీకి నేనే విస్తరి కుట్టిన. నీ విస్తర్లు కారుతయని ఎన్నిసార్లు ఏడిపించిననో! నేను కుట్టిన దాంట్ల పులుసు చుక్క నిలవలే, అరుగంత కారింది. నవ్వుకో.

శీను గూడ నవ్విండు. వాని చేతిల ఈనెపుల్లలు పెట్టిన.

"నవ్వింది చాలు, కుట్టు. మీ అమ్మ ఇంకా తినలే."