కాళ్ళ కొలతలు పోగొట్టినవాడి మీద

స్ఫాక్స్ చిన్న సంస్థల కంప్యూటర్ రక్షణ విభాగపు అధికారి గారి సముఖమునకు, అదే నగరంలో రేవు వెనుక వీధిలో కృత్రిమ కాళ్ళ కార్ఖానా నడుపుకొనుచున్న నజీహా ఖమ్మాసీ సమర్పించుకొను అర్జీ.

విషయం: లస్సాద్ జలూలీ అను వ్యక్తికి తమ కార్యాలయం ఇచ్చిన శిక్షకుని హోదాను తక్షణమే రద్దు చేయుట, అతనికి తగిన శాస్తి జరిపించుట గురించి.

అయ్యా,

1. మాది చిన్న కార్ఖానా. కాలు పోయినవారికి కాలు చేసి ఇస్తాము. మొండికాలు ఏ ఇద్దరికీ ఒకేలా ఉండదు. తొడుగు వెంట్రుకవాసి తేడా వస్తే పుండు పడుతుంది. అందుచేత మా నాన్నగారి కాలం నుంచి ప్రతి మనిషి కాలికీ ప్లాస్టర్ అచ్చు తీసి, పేరు రాసి, అటక మీద దాచేవాళ్ళం. సదరు లస్సాద్ మా కంప్యూటర్లు చూసుకోవడానికి కుదిరిన తర్వాత కొలతలన్నీ యంత్రంలోకి ఎక్కించాడు. అటక వైపు చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఈ దుమ్మంతా ఎందుకు నజీహక్కా? అంతా కంప్యూటర్లో భద్రంగా ఉందిగా!"

"రేపు ఆ కంప్యూటర్‌కి ఏమైనా అయితే?"

"నేనున్నానుగా!"

అచ్చులన్నీ తన బండిలోనే వేసుకుపోయి పారబోశాడు.

2. గత శరదృతువులో ఒక సోమవారం ఉదయం కార్ఖానా తెరిచేసరికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ఎవరో దొంగలు అన్నిటికీ తాళం వేసి, తీయాలంటే డబ్బు పంపమని తెర మీద రాసిపెట్టారు. లస్సాద్‌కు ఫోన్ చేశాను. "కంగారు పడకక్కా, బ్యాకప్ ఉంది" అన్నాడు. ఆ బ్యాకప్ డిస్కు పగలూ రాత్రీ అదే కంప్యూటర్‌కు తగిలించే ఉంది. దొంగలు దానికీ తాళం వేశారు. డిస్కు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అరే" అన్నాడు. ఇన్నేళ్ళ నమ్మకానికి నాకు దక్కిన జవాబు ఆ ఒక్క మాటే.

తరువాత రాజధాని ట్యూనిస్ నుంచి ఒక ఇంజనీరును పిలిపించాను. సదరు లస్సాద్ ఇంట్లో కూర్చునే మా కంప్యూటర్‌లోకి రావడానికి ఒక దారి తెరిచి ఉంచుకున్నాడనీ, దానికి తన ఫుట్‌బాల్ జట్టు పేరే పాస్‌వర్డ్‌గా పెట్టాడనీ, దొంగలు ఆ దారినే వచ్చారనీ తేలింది. యంత్రం నెమ్మదిస్తుందని అప్‌డేట్లు కూడా తానే ఆపేశాడట. ఈ ఊళ్ళో ఆ జట్టు పేరు తెలియనివాడు ఎవడండీ? రేవులో వాలే కొంగ కూడా చెబుతుంది.

3. దీనివల్ల నష్టపోయినవారిలో ఒకరిని తమకు పరిచయం చేస్తాను. కెర్కెనా దీవిలో చేపలు పట్టే మబ్రూక్ బాబాయి. ఆక్టోపస్‌ల వేట మొదలయ్యేలోగా కాలు ఇస్తానని మాటిచ్చాను. చెప్పిన రోజుకు పడవ దిగి, కర్రల మీద రేవు నుంచి నడిచి వచ్చాడు.

"ఏదమ్మా నా కాలు?"

"కొలత పోయింది బాబాయ్. మళ్ళీ తీయాలి."

"కొలత ఎక్కడికి పోతుందే? నా కాలు నా దగ్గరే ఉందిగా!" అని నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు. అందరి కొలతలూ మొదటి నుంచి తీయవలసి వచ్చి, ఆయన వంతు వచ్చేలోగానే వేట కాలం దాటిపోయింది. ఆ ఏడు ఆక్టోపస్‌లు పట్టే ఆయన కుండలు సముద్రంలో దిగలేదు. పడవ తమ్ముడి చేతికి వెళ్ళింది. ఇంతవరకూ ఆయన చేతికి తిరిగి రాలేదు.

4. ఇక అసలు సంగతి. చిన్న వ్యాపారులకు కంప్యూటర్ జాగ్రత్తలు నేర్పుతామని తమరు సభ పెట్టారు. వెళ్ళాను. వేదిక మీద శిక్షకుడు లస్సాద్! కొత్త కోటు. మైకు పట్టుకుని, "మన ఊళ్ళో ఒకావిడ ఉంది, కాళ్ళు అమ్ముతుంది. ఆవిడ అజాగ్రత్త వల్ల అన్ని కాళ్ళూ ఒక్కరోజులో పారిపోయాయి" అన్నాడు. సభ ఘొల్లుమంది. తమరూ నవ్వారు. చూశాను.

నేను లేచి నిలబడ్డాను.

"లస్సాదూ, ఆ ఆడది నేనే. ఇక్కడ నువ్వు ఎవరెవరి కంప్యూటర్లు చూస్తున్నావో వాళ్ళను చేతులెత్తమను."

నూనె గానుగ బషీర్ గారు, మందుల షాపాయన, డ్రైవింగ్ బడి ఆవిడ ఎత్తారు.

"వీళ్ళలో ఒక్కరిదైనా నిన్నటి ఫైలు బ్యాకప్ నుంచి తెరిపించు. ఇక్కడే, ఇప్పుడే."

"అక్కా, ఇది సమయం కాదు..."

"దొంగ వచ్చినప్పుడు సమయం అడుగుతాడా?" అన్నారు బషీర్ గారు. అక్కడి నుంచే గానుగకు ఫోన్ చేసి, డిస్కు పీకి వేరే కంప్యూటర్‌కు తగిలించమన్నారు. అందరూ వినేలా స్పీకరు పెట్టారు. అవతలి గుమాస్తా గొంతు: "అయ్యగారూ, ఇందులో ఏమీ లేదండీ. ఖాళీ."

"ఖాళీయా? ఎప్పటి నుంచిరా?"

"మొదటి నుంచీ అలాగే ఉన్నట్టుందండీ."

ఈసారి ఎవ్వరూ నవ్వలేదు. నేను మాత్రం నవ్వాను. అబద్ధమెందుకు, కడుపు చల్లబడింది.

కానీ తమరు లేచి, టీ తాగుదాం రండని అందరినీ బయటికి తీసుకెళ్ళారు. నన్ను పక్కకు పిలిచి, "గొడవెందుకమ్మా, అర్జీ పెట్టుకోండి" అన్నారు. వచ్చే సభకూ అతని పేరే గోడ మీద అంటించి ఉంది. అందుకే పెట్టుకుంటున్నాను.

5. కావున నా కోరికలు. సదరు వ్యక్తి హోదా తీసివేయాలి. ఆ సంగతి అదే మైకులో, అదే సభలో చెప్పాలి. ఇక మీదట శిక్షణకు వచ్చే ప్రతి వ్యాపారి చేతా బ్యాకప్ వేరుచేసి దాచిపెట్టించి, దాన్ని తెరిపించి చూసిన తర్వాతే ఇంటికి పంపాలి. మేము మళ్ళీ ప్లాస్టర్ అచ్చులు తీస్తున్నాము. లస్సాద్ ఆ కొత్త కోటుతోనే వచ్చి ప్రతి మనిషి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని, "మీ కొలత పోగొట్టినది నేనే" అని చెప్పి, అచ్చు కోసం మొండికాలికి తన చేత్తో తడి ప్లాస్టర్ పట్టీ చుట్టాలి. మొదట మబ్రూక్ బాబాయికి. అందుకు చట్టంలో చోటు లేదంటే చోటు చేయమని ప్రార్థన.

ఇంతకన్నా మర్యాదగా రాయడం నాకు చేతకాదు. తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నజీహా ఖమ్మాసీ

తా.క.: ఇది మడత పెడుతుండగా లస్సాద్ తల్లి మునీరా గారు పళ్ళెం నిండా ఖర్జూరం కూరిన మక్రూద్ మిఠాయిలు పట్టుకుని వచ్చారు.

"బిడ్డా, వాడు అన్నం మానేశాడు."

"మానేయనివ్వండి."

"ఇద్దరు చిన్నపిల్లలు వాడికి."

"మబ్రూక్ బాబాయికి నలుగురు."

ఆమె పళ్ళెం నా వైపు జరిపారు. సంచీలోంచి ఫోను తీసి నా ముందు పెట్టారు. "వాళ్ళ నాన్న బతికుండగా నాకు పంపిన మాటలు ఇందులో ఉండేవి. వినాలనిపించినప్పుడల్లా వినేదాన్ని. బాగుచేస్తానని వీడు తీసుకెళ్ళి, అన్నీ తుడిచేసి తెచ్చాడు. 'కొత్తదానిలా ఉంది చూడమ్మా' అన్నాడు. కొడుకు కదా అని ఊరుకున్నాను."

మక్రూద్ ఒకటి తిన్నాను. బాగుంది. అర్జీ వెనక్కి తీసుకోనని చెప్పాను.

"తీసుకోవద్దు," అన్నారామె. "కలం ఇలా ఇవ్వు."

కింద ఉన్నది ఆమె సంతకం.

మునీరా జలూలీ